తీరికలేని వారంలో పడిశం పట్టిందా?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు.

పరీక్షలు, ఆటల పోటీలు, నాటకం రిహార్సల్సు అన్నీ ఒకే వారంలో వచ్చిపడతాయి. సరిగ్గా అప్పుడే ముక్కు కారడం మొదలవుతుంది. ఎప్పుడూ ఇలాగే ఎందుకు జరుగుతుందని మీరు అడుగుతుంటారు. అదేమీ మీ దురదృష్టం కాదు, దానికి కారణాలున్నాయి. అలాంటి వారాల్లో అందరూ తలుపులు మూసిన గదుల్లో గంటలకొద్దీ కలిసి కూర్చుంటారు, ఒకరి పెన్నూ నీళ్ల సీసా ఇంకొకరి చేతిలో ఉంటాయి. పైగా ఎవరికీ సరైన నిద్ర ఉండదు. ఈ నిద్ర సంగతిని అమెరికాలో పరిశోధకులు పరీక్షించి చూశారు. 153 మంది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు రోజూ ఎంతసేపు నిద్రపోతున్నారో రెండు వారాలపాటు అడిగి రాసుకుని, ఆ తర్వాత వాళ్ల ముక్కుల్లో జలుబు వైరస్ ఉన్న చుక్కలు వేశారు. ఎనిమిది గంటలు, అంతకుమించి పడుకున్నవాళ్లతో పోలిస్తే, ఏడు గంటలకన్నా తక్కువ పడుకున్నవాళ్లకు జలుబు వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. 2009లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

వర్షంలో తడిస్తే జలుబు చేస్తుందని మీ పెద్దలు అంటే కోప్పడకండి, వాళ్లది ప్రేమే. కానీ ఇంగ్లండులోని సాలిస్‌బరీలో 1946లో జలుబు కోసమే ఒక పరిశోధన కేంద్రం తెరిచి, అక్కడికి వచ్చిన వాలంటీర్లను తడి బట్టలతో చలిగాలిలో నిలబెట్టి చూశారు. వైరస్ లేకుండా కేవలం తడిసినందుకు వాళ్లకు జలుబు రాలేదు. జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి, వాటిలో ఎక్కువ జలుబులకు కారణం రైనోవైరస్‌లు. అవి తుమ్ముల తుంపరల్లో వస్తాయి. లేదా పక్కవాళ్ల చేతి నుంచి మీ చేతికి, అక్కడి నుంచి మీ ముక్కుకో కంటికో చేరతాయి.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త శ్రద్ధగా వినండి, నేను ఈ ఉత్తరం రాస్తున్నదే దీని కోసం. జలుబులో మనం పడే బాధలో ఎక్కువ భాగం వైరస్ పెట్టేది కాదు, దానితో పోరాడుతూ మన ఒళ్లు చేసే పని. రైనోవైరస్ ముక్కు లోపలి పొరను పెద్దగా పాడుచేయదు. అది చేరిందని తెలియగానే శరీరం అక్కడి రక్తనాళాలను ఉబ్బిస్తుంది, చీమిడి ఎక్కువగా ఊరేలా చేస్తుంది, తెల్ల రక్తకణాలను పంపుతుంది. ముక్కు దిబ్బడకు అసలు కారణం ఈ ఉబ్బే. అందుకే ఎంత గట్టిగా చీదినా ముక్కు వదలదు, ఊరికే చెవులు నొప్పెడతాయి. పడుకుంటే తలకు రక్తం ఎక్కువగా చేరి దిబ్బడ పెరుగుతుంది కాబట్టి తలకింద ఇంకో దిండు పెట్టుకోండి. మూడో రోజుకు చీమిడి పచ్చగా మారితే కంగారు పడకండి. ఆ రంగు తెల్ల రక్తకణాల్లోని ఒక ఎంజైముది. పచ్చగా ఉంది కాబట్టి యాంటీబయాటిక్ వేసుకోవాలన్నది పొరపాటు. ఆ మందులు బాక్టీరియా మీద పనిచేస్తాయి, వైరస్‌ల జోలికి పోలేవు.

జ్వరమూ అంతే. మెదడు కావాలనే ఒంటి వేడిని పెంచుతుంది. కొత్తగా నిర్ణయించిన వేడికి ఒళ్లు ఇంకా చేరలేదు కాబట్టే, నుదురు కాలుతున్నా మీకు చలేసి వణుకు పుడుతుంది.

ఇంత పని లోపల జరుగుతున్నప్పుడు బయట ఇంకో నాలుగు పనులు నెత్తిన వేసుకుంటే ఏదీ సరిగా సాగదు. జలుబు సాధారణంగా రెండో రోజు, మూడో రోజు తీవ్రంగా ఉండి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. కాబట్టి ఆ మొదటి మూడు రోజులు పనులు తగ్గించుకోండి. పడిశం పది రోగాల పెట్టు అని ఊరికే అనలేదు, తలనొప్పి, గొంతునొప్పి, నీరసం అన్నీ కలిసే వస్తాయి. ఆ స్థితిలో అర్ధరాత్రి దాకా పుస్తకం ముందు కూర్చుంటే పేజీలు తిరుగుతాయి గానీ బుర్రకు ఏమీ ఎక్కదు. వారం మొత్తం పనులు ఒక కాగితం మీద రాసి, వాయిదా పడనివి ఏవో గుర్తు పెట్టుకోండి. నిజానికి అవి ఒకటో రెండో ఉంటాయి. మిగిలినవాటి గురించి ఉపాధ్యాయులతో, జట్టులోని స్నేహితులతో మొదటి రోజే చెప్పండి. చివరి రోజు చెబితే వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు. ముందే చెప్పడం బలహీనత అని కొందరు పిల్లలు అనుకుంటారు. నేను దాన్ని బాధ్యత అంటాను.

ఫ్లూ వేరే సంగతి. జలుబు మెల్లగా గొంతు గరగరతో మొదలవుతుంది. ఫ్లూ ఒక్కసారిగా పడగొడుతుంది. ఏ పూట మొదలైందో కూడా చెప్పగలిగేంత హఠాత్తుగా అధిక జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు వస్తాయి. దీన్ని తెచ్చే ఇన్‌ఫ్లుయెంజా వైరస్ గాలిగొట్టం లోపలి కణాలను నిజంగానే దెబ్బతీస్తుంది. అందుకే జ్వరం తగ్గినా నీరసం ఇంకా కొన్నాళ్లు వదలదు. మనుషులకు ఫ్లూ తెచ్చే ఈ వైరస్‌ను 1933లో లండన్ శాస్త్రవేత్తలు తొలిసారి పట్టుకున్నారు. రోగులు గొంతు పుక్కిలించిన నీళ్లను వడకట్టి, ముంగిసలా ఉండే ఫెర్రెట్ అనే జంతువు ముక్కులో వేస్తే, దానికీ ఫ్లూ వచ్చింది. అప్పటివరకూ ఇది బాక్టీరియా పనే అని చాలామంది నమ్మేవారు.

ఫ్లూ వచ్చినవాళ్లు లక్షణాలు కనబడడానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటించగలరు, మొదటి మూడు నాలుగు రోజులు మరీ ఎక్కువ. జ్వరం మాత్ర వేసుకుని పరీక్షకు వెళితే మీకు హాయిగా అనిపించవచ్చు, కానీ వైరస్ మీతోపాటే గదిలోకి వస్తుంది. మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉంటేనే బయటికి వెళ్లండి. ఇంట్లో చంటిపిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటే మరీ దూరంగా ఉండండి, వాళ్లకు ఫ్లూ ప్రమాదకరం కావచ్చు. తుమ్ము వస్తే మోచేతి మడతలోకి తుమ్మండి. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగండి. కిటికీలు తెరిచి ఉంచండి.

మందుల విషయంలో మీ అంతట మీరు ఏమీ వేసుకోవద్దు, పెద్దవాళ్లను అడగండి. జ్వరానికి, నొప్పులకు పారాసిటమాల్ చాలు. అయితే చాలా జలుబు మాత్రల్లో, సిరప్‌లలో కూడా అదే ఉంటుంది. రెండూ కలిపి వేసుకుంటే మోతాదు మించి కాలేయం దెబ్బతింటుంది, డబ్బా మీద రాసింది పెద్దవాళ్లతో చదివించండి. ఫ్లూ ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ అసలు ఇవ్వకూడదు. రేయ్ సిండ్రోమ్ అనే అరుదైన, ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. దిబ్బడ వదిలించే ముక్కు చుక్కలు నాలుగైదు రోజులు మించి వాడితే, మానేయగానే దిబ్బడ ఇంకా పెరుగుతుంది. ఆవిరి పట్టేటప్పుడు మరిగే నీళ్లు ఒలికి కాలిన పిల్లలు ఎందరో ఉన్నారు, ఆ పని ఒంటరిగా చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. దగ్గుకు ఒక చెంచా తేనె మంచిదే, ఏడాది నిండని పాపకు మాత్రం పెట్టకూడదు. ఫ్లూకు వైరస్ మీద పనిచేసే మందులూ ఉన్నాయి, అవి 48 గంటల లోపల మొదలుపెడితేనే ఎక్కువ మేలు. కాబట్టి ఆస్తమాలాంటి జబ్బున్నవాళ్లు మొదటి రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఫ్లూ వైరస్ మారిపోతూ ఉంటుంది, అందుకే టీకా ఏటా కొత్తగా వేయించుకోవాలి.

ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడి అయోమయంగా ఉన్నా, చాలాసేపు మూత్రం రాకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇంకో సూచన చాలామంది గమనించరు: తగ్గిపోయిందనుకున్నాక జ్వరం, దగ్గు మళ్లీ ఎక్కువగా వస్తే అది న్యుమోనియా కావచ్చు.

తగ్గాక కూడా దగ్గు రెండు మూడు వారాలు ఉండడం మామూలే. ఆటలు ఆడేవాళ్లకు ఒక మాట. జ్వరం ఉండగా మైదానంలోకి దిగవద్దు, అరుదుగానైనా ఫ్లూ వైరస్ గుండె కండరానికి వాపు తెస్తుంది. జ్వరం పోయాక మొదటి రోజు నడవండి. ఆయాసం లేకపోతే మెల్లగా పరుగెత్తండి, ఆ తర్వాతే పోటీ. అది ఇంకా ముందుందో, జరిగిపోయిందో మీ కోచ్‌తో కలిసి చూసుకోండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ