వాత ఎవరిది, దూడ ఎవరిది?

1930ల తొలి రోజుల్లో హాలీవుడ్ చవగ్గా చుట్టేసిన కౌబాయ్ సినిమాలు రెండు మూడు చూస్తే చాలు, కథ కంఠతా వచ్చేస్తుంది. నిజాయితీపరుడైన పశువుల ఆసామి, అతని భూమి మీదో నీళ్ల మీదో కన్నేసిన ఊరి పెద్దమనిషి, ఎక్కణ్నుంచో గుర్రమెక్కి వచ్చే హీరో. 1933లో వచ్చిన జాన్ వేన్ సినిమా 'రైడర్స్ ఆఫ్ డెస్టినీ' కూడా ఈ బాపతే. లోయలో నీళ్లన్నీ ఒక్కడి గుప్పిట్లో ఉంటాయి. హీరో వాషింగ్టన్ నుంచి సర్కారు రహస్యంగా పంపిన మనిషి. గంట తిరక్కుండా న్యాయం జరిగిపోతుంది.

ఇలాంటి తగాదాలు నిజంగానే నడిచాయి. సర్కారు మాత్రం అవతలి పక్షాన నిలబడింది.

1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాల్లో ఐదేళ్లు కాపురముండి సాగు చేస్తే ఆ నేల సొంతం. వానలు సరిగా పడని, అమెరికా పడమటి వైపున్న వయోమింగ్ లాంటి చోట ఆ పాటి నేల మందకు ఏ మూలకీ చాలదు. అందుకే వాగు ఒడ్డున ముక్క దక్కినవాడికి చుట్టూ ఉన్న ప్రభుత్వ బయలు కూడా దక్కినట్టే. మోతుబరులు ఆ బయల్లో వేల పశువుల్ని పైసా ఖర్చు లేకుండా మేపేవారు. 1874లో గ్లిడెన్ అనే ఆయన ముళ్లతీగకు పేటెంట్ వచ్చాక కంచెలు లేచాయి. 1886-87 చలికి గొడ్లు కుప్పలుగా చచ్చాయి. దెబ్బతిన్న మోతుబరుల కంటికి ప్రతి చిన్న ఆసామీ దొంగలాగే కనిపించాడు. దొంగతనాలు అసలు జరగలేదని కాదు. కానీ వాత, అంటే యజమాని గుర్తుగా కాల్చి వేసే ముద్ర, లేని దూడ దొరికితే అది మోతుబరుల సంఘానికే చెందాలని 1884లోనే చట్టం చేయించుకున్నారు. అలాంటప్పుడు ఎవరు దొంగో తేల్చేదీ వాళ్లే.

1889లో ఎల్లా వాట్సన్ అనే ఆమెను, జిమ్ ఎవరెల్‌ను గొడ్ల దొంగలని చెప్పి చెట్టుకు ఉరేశారు. ఆమె కూడా హోమ్‌స్టెడ్ కింద భూమికి దరఖాస్తు పెట్టుకున్న మనిషే. శిక్ష ఎవరికీ పడలేదు.

1892 ఏప్రిల్లో మోతుబరులు, వాళ్ల మనుషులు కలిసి దాదాపు 50 మంది వయోమింగ్ రాజధాని చెయెన్‌లో ప్రత్యేక రైలెక్కారు. వాళ్లలో సగం దాకా టెక్సాస్ కిరాయి తుపాకులు. వయోమింగ్‌లోనే ఉన్న జాన్సన్ కౌంటీలో నేట్ చాంపియన్ అనే చిన్న ఆసామి ఉన్న గుడిసెను చుట్టుముట్టారు. బయట తూటాలు పేలుతుంటే అతను చిన్న పుస్తకంలో జరిగేది జరిగినట్టు రాసుకుంటూ కూర్చున్నాడు. చివరికి మండే బండిని గుడిసె మీదికి తోసి, బయటికి పరిగెత్తిన మనిషిని కాల్చేశారు. 'గొడ్ల దొంగల్లారా, జాగ్రత్త' అని శవం మీద చీటీ పెట్టారు.

కబురు తెలిసి కౌంటీ జనం తుపాకులు పట్టుకుని కదిలారు. ఈసారి ముట్టడిలో చిక్కింది ఆ వచ్చినవాళ్లే. అప్పుడు వాషింగ్టన్ మనిషి రానే వచ్చాడు, సినిమాలోలాగే. అధ్యక్షుడు హారిసన్ పంపిన అశ్విక దళం మోతుబరుల ముఠాను ప్రాణాలతో బయటికి తెచ్చింది.

ఐదారు రీళ్ల సినిమాలో దీన్నంతా ఇరికించడం కష్టమే. ఒక్క దుర్మార్గుడైతే ఆఖరి రీల్లో పట్టి జైల్లో వేయొచ్చు, ఒక సంఘాన్ని ఎక్కడ వేస్తారు? పైగా 1902లో ఓవెన్ విస్టర్ రాసిన 'ది వర్జీనియన్' నవల మోతుబరుల వైపు నుంచే కథ చెప్పి తెగ అమ్ముడుపోయింది.

ఆ ముఠా మీద పెట్టిన కేసు ఖర్చులు భరించే స్తోమత కౌంటీకి లేకపోయింది. 1893 జనవరిలో అభియోగాలు కొట్టేశారు. టెక్సాస్ వాళ్లయితే అంతకుముందే జామీను మీద ఇంటికెళ్లి, మళ్లీ ఆ ఛాయలకు రాలేదు.