జనం లేకపోతే మారేది ఎవరు? ఖాళీ స్టేడియం ఫుట్‌బాల్: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతాను. స్కూల్ మ్యాచ్‌లకి, చుట్టుపక్కల మండలాల టోర్నమెంట్లకి రెఫ్రీగా కూడా వెళ్తాను. కరోనా రోజుల్లో స్టాండ్లు ఖాళీగా పెట్టి ఆడించిన మ్యాచ్‌ల గురించి మా గ్రౌండ్‌లో ఇప్పటికీ మాటలు నడుస్తూనే ఉంటాయి. సీనియర్ పిల్లలు, తోటి పీఈటీలు, మ్యాచ్ చూడటానికి వచ్చే తండ్రులు కొన్ని విషయాలు ఖాయం అన్నట్టు చెప్తారు. వాటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని అసలు నిజాలే కావు. ఇవి తేల్చుకోవడం నాకు అవసరం. రేపు పిల్లలతో ఏం ప్రాక్టీస్ చేయించాలన్నది వీటిని బట్టే ఉంటుంది.

అపోహ: జనం లేకపోతే సొంత గ్రౌండ్ లాభం మొత్తం పోతుంది.

ఇలా అనేవాళ్ల దగ్గర గట్టి ఉదాహరణలే ఉన్నాయి. 2020 మే 16న జర్మనీ టాప్ లీగ్ బుండెస్‌లిగా ఖాళీ స్టాండ్ల మధ్య మళ్లీ మొదలైంది. తర్వాతి వారాల్లో సొంత గ్రౌండ్‌లో గెలిచే టీమ్‌లు బాగా తగ్గిపోయాయి. ఇంగ్లండ్‌లో 2020-21 ప్రీమియర్ లీగ్ సీజన్ దాదాపు అంతా అలాగే నడిచింది. 380 మ్యాచ్‌ల్లో సొంత టీమ్‌లు గెలిచినవి 144, బయటి నుంచి వచ్చిన టీమ్‌లు గెలిచినవి 153. 1888లో మొదలైన వాళ్ల టాప్ డివిజన్ చరిత్రలో అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు.

అయినా తగ్గడం వేరు, పోవడం వేరు. అన్ని దేశాల్లో తేడా ఒకేలా రాలేదు. మిగతా కారణాలు కూడా ఉన్నాయి. మహబూబ్‌నగర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన టీమ్‌కి కాళ్లు పట్టేసి ఉంటాయి. మా గ్రౌండ్‌లో ఏ మూల బంతి ఎగురుతుందో, ఎక్కడ ఆగిపోతుందో మా పిల్లలకి తెలుసు, వాళ్లకి తెలియదు. జనం ఉన్నా లేకపోయినా ఈ రెండూ మారవు.

అందరూ చెప్పే ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ ఉదాహరణ చూడండి. తన సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో 68 లీగ్ మ్యాచ్‌లు ఓడకుండా వచ్చిన టీమ్ 2021 జనవరి 21న బర్న్‌లీ చేతిలో 1-0తో ఓడింది. అక్కడి నుంచి సొంత గ్రౌండ్‌లో వరుసగా ఆరు లీగ్ మ్యాచ్‌లు పోయాయి. ‘జనం లేకనే’ అనేశారు చాలామంది. కానీ అంతకుముందు 2020 జూన్ నుంచి కూడా స్టాండ్లు దాదాపు ఖాళీయే, అప్పుడు అక్కడ ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడలేదు. మధ్యలో ముఖ్యమైన డిఫెండర్లు వాన్ డైక్, గోమెజ్, మాటిప్ ముగ్గురూ గాయాలతో బయట కూర్చున్నారు. మిడ్‌ఫీల్డర్లని వెనక్కి లాగి డిఫెన్స్‌లో ఆడించాల్సి వచ్చింది. ఒక్క ఖాళీ స్టాండ్ల మీదే ఆ ఓటములన్నీ వేయడం సరికాదు.

అపోహ: జనం అరుపులకి ఆటగాళ్ల కాళ్లకి బలం వస్తుంది, అందుకే సొంత టీమ్ గెలుస్తుంది.

ఇక్కడ ఆగి వివరంగా మాట్లాడాలి, ఎందుకంటే ఇది నా పని. అరుపు ఎక్కువగా కదిలించేది ఆటగాడి కాళ్లని కాదు, రెఫ్రీ చేతిలోని విజిల్‌ని. ఈ మాట కరోనాకి చాలా ముందే తేలింది.

2002లో అచ్చయిన ఒక ఇంగ్లండ్ పరిశోధనలో 40 మంది రెఫ్రీలకి ఒకే మ్యాచ్‌లోని 47 ట్యాకిల్స్ వీడియోలో చూపించారు. కొందరికి జనం గోలతో, మిగతావాళ్లకి మ్యూట్ చేసి. గోల విన్నవాళ్లు సొంత టీమ్ మీద ఇచ్చిన ఫౌల్స్ 15 శాతం దాకా తక్కువ. చూసింది అదే ట్యాకిల్, తేడా అల్లా చెవిలో పడిన శబ్దమే.

2007 ఫిబ్రవరిలో ఇటలీలోని కటానియాలో మ్యాచ్ దగ్గర జరిగిన అల్లర్లలో ఒక పోలీసు అధికారి చనిపోయారు. భద్రతా ఏర్పాట్లు సరిగా లేని స్టేడియాల్లో జనం లేకుండానే ఆడాలని అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. స్వీడన్‌కి చెందిన ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ మ్యాచ్‌లు తీసుకుని లెక్కలు చూశారు. జనం ఉన్నప్పుడు బయటి టీమ్‌ని కాస్త ఎక్కువ కఠినంగా శిక్షించే రెఫ్రీలు, జనం లేనప్పుడు ఆ మొగ్గు చూపలేదు. అవే మ్యాచ్‌ల్లో ఆటగాళ్ల ఆటలో చెప్పుకోదగ్గ తేడా మాత్రం కనిపించలేదు. 2020లో వందల మ్యాచ్‌లు ఖాళీ స్టాండ్ల ముందు జరిగాక ఇదే మళ్లీ బయటపడింది: బయటి టీమ్‌కి చూపించే యెల్లో కార్డులు తగ్గాయి. స్పెయిన్ లీగ్ మీద అంతకుముందే వచ్చిన ఒక పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. సొంత టీమ్ ఒక్క గోల్ వెనక ఉంటే రెఫ్రీలు చివర్లో కలిపే అదనపు సమయం (ఇంజురీ టైమ్) పెరిగేదట, ఒక్క గోల్ ముందుంటే తగ్గేదట.

దీన్ని పట్టుకుని రెఫ్రీలు అమ్ముడుపోతారని అనుకోవద్దు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. పెనాల్టీ బాక్స్‌లో ఇద్దరు పడిపోతారు, రెఫ్రీ నలభై మీటర్ల వెనక పరుగెత్తుకుంటూ వస్తుంటాడు, మధ్యలో ఇంకో ముగ్గురు అడ్డం. నిర్ణయానికి ఉన్నది ఒక్క క్షణం. కన్ను వదిలేసిన ఖాళీని అప్పుడు చెవి నింపుతుంది. ఊరంతా ఒక్కసారి ‘ఫౌల్!’ అని అరిస్తే అది కూడా ఒక సాక్ష్యంలా తోస్తుంది. మన దగ్గర పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే ఊరి టోర్నమెంట్‌లో జనం సున్నం గీతకి ఒక్క అడుగు అవతలే నిలబడతారు. అందుకే కొత్తగా విజిల్ పట్టిన కుర్రాళ్లకి నేను మొదట ఫిట్‌నెస్ గురించే చెప్తాను. బంతికి దగ్గరగా ఉంటే చూసిందే చెప్తావు తమ్ముడూ, దూరంగా ఉంటే విన్నది చెప్తావు అంటాను. టోర్నమెంట్ పెట్టేవాళ్లని ఒకటి అడుగుతాను: గీత నుంచి కనీసం నాలుగైదు అడుగులు వదిలి తాడు కట్టించండి. ఖర్చు లేని పని, ఆట తీరే మారిపోతుంది.

అపోహ: ఖాళీ స్టేడియంలో ఆడటం ప్రాక్టీస్ మ్యాచ్ లాంటిదే, ఎవరూ గట్టిగా ఆడరు.

2020 అక్టోబర్ 4న ఆస్టన్ విల్లా 7-2తో లివర్‌పూల్‌ని, అదే రోజు టాటెన్‌హామ్ 6-1తో మాంచెస్టర్ యునైటెడ్‌ని ఓడించాయి. రెండు మ్యాచ్‌లకీ జనం లేరు కాబట్టి సీరియస్‌గా ఆడలేదని తీర్మానించేశారు. సీజన్‌కి ముందు విశ్రాంతి, ప్రాక్టీస్ రెండూ సరిగ్గా దొరకని సంవత్సరం అది, ఆ సంగతి మర్చిపోతారు. ఖాళీ స్టాండ్ల ముందు నిజంగా మారింది ప్రవర్తన. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ టీమ్ మ్యాచ్‌ల వీడియోలు పరిశీలించినవాళ్లు, జనం లేనప్పుడు వాదనలు, గొడవలు తగ్గాయని చెప్పారు. చూసేవాళ్లు లేకపోతే నేలమీద పడి దొర్లడం కూడా తగ్గుతుంది, స్కూల్ మ్యాచ్‌ల్లో నేను రోజూ గమనించేదే.

ఇంకోటి, ఖాళీ అనేది అందరికీ ఒకటి కాదు. జర్మనీలోని డార్ట్‌మండ్ స్టేడియంలో ఒక్క దక్షిణం వైపు స్టాండ్‌లోనే దాదాపు 25,000 మంది నిలబడి చూస్తారు. దానికి అలవాటైన ఆటగాడికి నిశ్శబ్దం కొత్త. మా పిల్లలు నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలో ఆడినా, ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో ఆడినా చూసేది అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. వీళ్లకి కొత్త జనమే. దేవరకొండ తండాల నుంచి వచ్చిన పిల్లలు రాష్ట్ర స్థాయికి హైదరాబాద్ వెళ్లి, స్టాండ్ల నుంచి వందల గొంతులు ఒకేసారి వినేసరికి టెన్షన్ పడతారు. ‘మ్యాన్ ఆన్’ (నీ మీదికి మనిషి వస్తున్నాడు) అని తోటివాడు అరిచింది వినపడదు, వెనక నుంచి వచ్చినవాడు బంతి లాగేసుకుంటాడు. ఇక్కడ ప్రతి పాస్‌కీ బయటి నుంచి కోచ్ అరిచి చెప్పే టీమ్ అక్కడ చేతులెత్తేస్తుంది. అందుకే టోర్నమెంట్‌కి ముందు మిగతా పిల్లల్ని గీత చుట్టూ నిలబెట్టి డప్పు కొట్టిస్తాను, ఈలలు వేయిస్తాను. నేను మాత్రం నోరు తెరవను. చేతి సైగలతో, చూపుతో ఆడటం అలా అలవాటవుతుంది.

జనం అంతా ఎదుటివాళ్ల వైపు ఉంటే గెలవలేమని కూడా అంటారు. మన తెలంగాణ వాళ్లు ఈ మాట అనకూడదు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో, ఆటల చుట్టూ నడిచిన రాజకీయ గొడవ వల్ల స్టేడియం స్టేడియమే భారత్ మీద అరిచింది. ఆ గోలలోనే హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ టీమ్ దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ ఆడిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్ కూడా అంతే. సీజన్ అంతా జనం లేకుండా ఆడిన రెండు టీమ్‌లు ఒక్కసారిగా జనం ఉన్న స్టేడియంలోకి వచ్చాయి. స్టాండ్లలో ఎక్కువగా కేరళ అభిమానుల పసుపు రంగే. హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో గెలిచింది, గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపాడు.

అపోహ: అభిమానికి టీవీ ఉంటే చాలు, సౌండ్ కలిపితే సరిపోతుంది.

సరిపోలేదు. టీవీ ప్రసారాల్లో వీడియో గేమ్ నుంచి తీసుకున్న గోల కలిపారు. జర్మనీలో గ్లాడ్‌బాక్ క్లబ్ అభిమానుల ఫొటోలతో అట్ట బొమ్మలు చేయించి సీట్లలో నిలబెట్టింది. లివర్‌పూల్ అభిమానులు 30 ఏళ్లు ఎదురుచూసిన లీగ్ టైటిల్ 2020లో వచ్చింది, కప్పు మాత్రం ఖాళీ ఆన్‌ఫీల్డ్‌లో ఎత్తారు. ముప్పై ఏళ్లు అక్కడే నిలబడి చూసిన మనిషికి ఆ ఒక్క సాయంత్రాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. టికెట్ డబ్బుల మీద బతికే కింది డివిజన్ల క్లబ్బులకైతే జీతాలు ఇవ్వడమే కష్టమైంది.

మన జిల్లాల్లో టికెట్లు లేవు కాబట్టి నష్టం లేదనుకుంటారు. షీల్డ్ ఇచ్చే దాత, పిల్లలకి జెర్సీలు కొనిచ్చే సర్పంచ్, మంచినీళ్ల ట్యాంకర్ పంపే షాపాయన, వీళ్లు ముందుకొచ్చేది జనం వస్తారనే. కబడ్డీకి, వాలీబాల్‌కి ఊరు కదులుతుంది కాబట్టి అక్కడ టోర్నమెంట్ ఏటా జరుగుతుంది. ఫుట్‌బాల్ టోర్నమెంట్ ఒక ఏడాది జరిగితే రెండేళ్లు ఆగిపోతుంది. పదో తరగతి దాటగానే మంచి ఆటగాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, మానేయడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం. ఇంట్లోవాళ్లు ఒక్కసారైనా వచ్చి ఆట చూసిన అమ్మాయిలు ఇంటర్‌లో కూడా బూట్లు కట్టుకుని గ్రౌండ్‌కి వస్తున్నారు. అందుకే ఇప్పుడు అమ్మాయిల మ్యాచ్‌లన్నీ ఆదివారం సాయంత్రం నాలుగున్నరకే పెడుతున్నాం, పొలం పనికి, కూలికి వెళ్లే తల్లిదండ్రులకి అప్పుడే కుదురుతుంది.