బొగ్గు గడ్డకు గ్యాస్ ఎందుకు?

రామగుండం చుట్టూ ఎటు చూసినా బొగ్గే. అయినా అక్కడి యూరియా ఫ్యాక్టరీకి పశ్చిమ గోదావరి జిల్లా కుంచనపల్లి నుంచి 360 కిలోమీటర్లకు పైగా పైపు వేసి సహజవాయువు తెస్తున్నారు. కాళ్ల కింద బొగ్గు పెట్టుకుని ఇంత ప్రయాస ఎందుకని అడిగేవాళ్లు ఉన్నారు. అడగాల్సిన ప్రశ్నే.

యూరియాకు అమ్మోనియా కావాలి. అమ్మోనియాకు గాలిలోని నైట్రోజన్, దానితో కలవడానికి హైడ్రోజన్ కావాలి. నైట్రోజన్‌కు కరువు లేదు, తంటా అంతా హైడ్రోజన్‌తోనే. సహజవాయువులో ప్రధానంగా ఉండే మీథేన్‌లో ఒక్కో కార్బన్ పరమాణువుకు నాలుగు హైడ్రోజన్లు ఉంటాయి. బొగ్గులో ఒకటి కూడా సరిగా దక్కదు, పైగా బూడిద బోలెడు. మీథేన్‌లోని గంధకాన్ని ముందే తీసేసి, నీటి ఆవిరితో కలిపి, దాదాపు 800 డిగ్రీల వేడిలో నికెల్ ఉత్ప్రేరకం మీదుగా పంపితే హైడ్రోజన్ విడిపోతుంది. కాస్త గంధకం మిగిలినా నికెల్ పాడవుతుంది. ఈ క్రమంలో పుట్టే కార్బన్ డయాక్సైడ్ కూడా వృథా పోదు, అమ్మోనియాతో కలిసి అదే యూరియా అవుతుంది.

బొగ్గుతో నడిచిన పాత ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. గ్యాస్‌తో నడిచే కొత్తది 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని సామర్థ్యం రోజుకు 3,850 టన్నులు, అంటే 45 కిలోల బస్తాలు 85 వేలకు పైనే. వానాకాలం నాట్లయ్యాక వరంగల్ పల్లెల్లో పాసుపుస్తకాలు పట్టుకుని లైన్లో నిలబడే రైతుకు, ఆ ఫ్యాక్టరీ ఒక్కరోజు ఆగినా అన్ని బస్తాలు తగ్గినట్టే. ఒక్క బస్తా వెనుక సుమారు 27 ఘనపు మీటర్ల గ్యాస్ ఉంటుంది. వేడి లెక్కన అది ఇంటి సిలిండర్లు ఒకటిన్నరకు పైమాట. అందుకే గ్యాస్‌లో మొదటి వాటా ఎరువుకే దక్కాలని మా అభిప్రాయం.

ఇక వంటింటి సంగతి. ఇదే సహజవాయువు పైపుల్లో ఇళ్లకు వస్తే పైపు గ్యాస్ అంటాం. 14.2 కిలోల సిలిండర్ ఇచ్చే వేడికి అది 17 ఘనపు మీటర్ల దాకా కావాలి. బుకింగ్ బాధ, మూడో అంతస్తుకు మోసే బాధ తప్పుతాయి, వాడినంతకే మీటరు తిరుగుతుంది. కానీ పాత పొయ్యికి పైపు అలాగే తగిలిస్తే మంట నీరసంగా వస్తుంది. ఒకే పరిమాణంలో సిలిండర్ గ్యాస్‌కు వేడి రెండింతలకు పైగా ఎక్కువ. అందుకని బర్నర్ కింది ఇత్తడి జెట్ తీసేసి, రంధ్రం పెద్దదిగా ఉన్నది బిగించాలి. ఆ పని కంపెనీ మనిషే చేయాలి, సూదితో రంధ్రం పెద్దది చేయడం మహా తప్పు. ఇలా మార్చిన పొయ్యికి మళ్లీ సిలిండర్ తగిలిస్తే పసుపు మంట ఎగసి గిన్నెలు మసిబారుతాయి, మంట అదుపు తప్పే ప్రమాదమూ ఉంది.

లీకైనప్పుడు రెండూ ఒకలా నడుచుకోవు. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేలమీద పరుచుకుంటుంది. మీథేన్ తేలిక, సీలింగు కింద చేరుతుంది. దోమలొస్తున్నాయని వంటింటి పైకిటికీని అట్టతో మూసిన ఇల్లయితే ముందు ఆ అట్ట తీసేయాలి. వాసన వస్తే మీటరు దగ్గరి వాల్వు కట్టేసి, తలుపులు తెరిచి, అందరూ బయటికి రావాలి. లైటు స్విచ్ వేయడం, తీయడం రెండూ వద్దు. ఫోను బయటికి వచ్చాకే. మామూలు రోజుల్లో పైపు అతుకుల దగ్గర సబ్బు నురుగు రాసి చూస్తుండాలి. బుడగ ఉబ్బితే లీకున్నట్టే.