చుక్కల నడుమ దుమ్ముకు చావుందా?

ప్రియమైన పిల్లలకు,

తాత ఆశీస్సులు. వేసవి సెలవుల్లో దేవరకొండ దగ్గర మన ఊళ్లో డాబా మీద పడుకుని పాలపుంత చూస్తూ, ఆ నల్లటి చారల్లో చుక్కలు లేవా అని అడిగారు. ఉన్నాయి, ముందు దుమ్ము అడ్డంగా ఉంది అన్నాను. అప్పుడు చిన్నోడు "ఆ దుమ్ము ఎప్పటికీ అట్లనే ఉంటదా తాతా?" అన్నాడు. ఆ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఖగోళ శాస్త్రవేత్తలు ఇప్పటికీ దాని మీద వాదించుకుంటున్నారు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ఆ దుమ్ము రేణువు కంటికి కనపడేది కాదు. చాలావరకు మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే చిన్నవి. కొన్ని కార్బన్ రేణువులు, కొన్ని సిలికేట్ రేణువులు. మన గుట్టల్లోని రాయి కూడా ఎక్కువగా సిలికేట్లే. చుక్కల మధ్య ఉన్న పదార్థంలో దుమ్ము బరువు నూటికి ఒక పాలు మాత్రమే, మిగతాదంతా వాయువు. ఆ ఒక్క పాలే ఎంత పని చేస్తుందో చూడండి: పాలపుంత నడిబొడ్డు నుంచి లక్ష కోట్ల కాంతి కణాలు మనవైపు బయల్దేరితే, మామూలు వెలుతురులో మన దాకా చేరేది దాదాపు ఒక్కటి.

ముసలి నక్షత్రాలు పైపొరలను వదిలేసినప్పుడు ఆ వాయువు చల్లారి దుమ్ము పుడుతుంది. పేలిపోయే నక్షత్రాల్లో కూడా పుడుతుంది. 1987లో పక్క గెలాక్సీలో ఒక నక్షత్రం పేలింది. ఆ శిథిలాల్లో సూర్యుడి బరువులో దాదాపు సగం దుమ్ము ఉందని 2011లో హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోప్ చూపించింది.

అయితే ఆ పేలుళ్లే దుమ్మును చంపుతాయి కూడా. నక్షత్రం పేలినప్పుడు పుట్టిన తాకిడి చుట్టూ ఉన్న వాయువును నెట్టుకుంటూ పోతుంది. వేల ఏళ్లు గడిచి నెమ్మదించాక కూడా దాని వేగం సెకనుకు 100, 200 కిలోమీటర్లు ఉంటుంది. వాయువు ఒక్కసారిగా కదిలిపోతుంది, బరువైన రేణువు మాత్రం అంత త్వరగా ఆ వేగం అందుకోలేదు. దాంతో హైడ్రోజన్, హీలియం కణాలు భయంకరమైన వేగంతో వచ్చి రేణువుకు తగులుతాయి. తగిలిన చోట ఒక పరమాణువు ఊడిపోతుంది, తర్వాత ఇంకొకటి. అలా ఊడుతూ ఊడుతూ రేణువు సన్నబడి, చివరికి మొత్తం వాయువైపోతుంది. లక్షల డిగ్రీల వేడి వాయువులో చిక్కుకుంటే తాకిడి కూడా అక్కర్లేదు, ఆ వేడే సరిపోతుంది.

రెండోది, రేణువులు ఒకదాన్నొకటి గుద్దుకోవడం. వాటికి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అయస్కాంత క్షేత్రం చుట్టూ తిరుగుతుంటాయి. తాకిడికి ఆ క్షేత్రం నొక్కుకుపోయినకొద్దీ వాటి వేగం పెరుగుతుంది. సెకనుకు 20 కిలోమీటర్ల వేగంతో గుద్దుకుంటే ఆవిరైపోతాయి. మూడు కిలోమీటర్లయినా చాలు, ముక్కలవుతాయి. నల్లగొండ రోడ్డు మీద క్రషర్లు చూశారు కదా, బండ లోపలికి పోయి కంకర, డస్టు అయి బయటికొస్తుంది, బరువు మాత్రం తగ్గదు. ఇదీ అంతే. కానీ ముక్కలు చిన్నవి కాబట్టి, తర్వాత వచ్చే తాకిడికి అవే ముందు పోతాయి. ఇవి కాక కొంత దుమ్ము కొత్తగా పుట్టే నక్షత్రాల్లో పడిపోతుంది.

ఇదంతా ఊహ కాదు. 1952లో రౌట్లీ, స్పిట్జర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాయు మేఘాల గుండా వచ్చే నక్షత్రాల కాంతిని పరిశీలించారు. వేగంగా కదిలే మేఘాల్లో సోడియంతో పోలిస్తే కాల్షియం ఎక్కువ కనిపించింది. మామూలు మేఘాల్లో కాల్షియం రేణువుల్లో దాక్కుని ఉంటుంది. తాకిడి తిన్న మేఘాల్లో రేణువులు చెడిపోయి అది బయటపడింది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చిన సాక్ష్యం ఇదే. దుమ్ము రేణువును ఎవరూ చూడకుండానే దాని చావును లెక్కగట్టారు!

గట్టివి కొన్ని బతికిపోతాయి. 1969 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో సిలికాన్ కార్బైడ్ రేణువులు దొరికాయి. గ్రానైట్ పాలిష్ పట్టే కార్బొరండం రాళ్లలో ఉండేది ఆ పదార్థమే. వాటిలో కొన్నిటి వయసు దాదాపు 700 కోట్ల ఏళ్లని 2020లో తేల్చారు. మన సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్లే.

ఇప్పుడు అసలు చిక్కు. లెక్కల ప్రకారం తాకిళ్ల మధ్య ఒక రేణువు సగటు ఆయుష్షు కొన్ని పదుల కోట్ల ఏళ్లు. నక్షత్రాలు అంత దుమ్మును మళ్లీ నింపడానికి మాత్రం 200, 300 కోట్ల ఏళ్లు పడుతుంది. ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. మరి ఆకాశంలో దుమ్ము ఎప్పుడో అయిపోవాలి కదా? మనం చూసిన ఆ నల్ల చారలే ఉండకూడదు.

ఎక్కువమంది చెప్పే జవాబు ఏమిటంటే, ఊడిపోయిన పరమాణువులు చల్లటి మేఘాల్లోకి చేరి, మిగిలిన చిన్న రేణువులకు మళ్లీ అంటుకుంటాయి. అక్కడ చలి సున్నాకు 250 డిగ్రీలు కింద. మామూలు మేఘాల్లో కూడా ఇనుములో నూటికి తొంభై పాళ్లకు పైగా వాయువులో కనిపించదు, రేణువుల్లోనే ఉంటుంది. కాబట్టి అంటుకోవడం నిజంగా జరుగుతోందని నేనూ నమ్ముతాను. కానీ అంత చలిలో రేణువు మీద నీటి మంచు పేరుకుంటుంది. వచ్చిన సిలికాన్ ఆ మంచు మీద వాలి, తిరిగి రాయిగా ఎలా కుదురుకుంటుంది? అది ఇంకా తేలలేదు. అసలు రేణువుల ఆయుష్షునే తక్కువగా లెక్కగట్టామేమో అనేవాళ్లూ ఉన్నారు.

చిన్నోడికి ఇది చదివి వినిపించండి. అర్థం కాని చోట గీత గీసి పంపమనండి, దాని గురించి మళ్లీ రాస్తా.

మీ తాత,
నల్లగొండ