కుంచంలో పట్టినవీ, కింద రాలినవీ

ఫ్రిస్కోలో ఉన్న నా బంగారు తల్లికీ, చిన్నోడికీ,

తాతయ్య ఆశీస్సులు. నిన్న వీడియో కాల్‌లో మీరిద్దరూ సోఫాకి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2024 సీజన్‌కి ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడి అవార్డు జాష్ అలెన్‌కి ఇచ్చారని పొద్దుట్నుంచి మాటల్లేవని మీ అమ్మ చెప్పింది. ఫోన్ పెట్టేసే ముందు చిన్నోడు అడిగాడు: "తాతయ్యా, లమార్ జాక్సన్ రేటింగ్ 119.6. అలెన్‌ది 101.4 మాత్రమే. మరి లెక్క తప్పా, ఓట్లు తప్పా?" రేటింగ్ ఒట్టి నంబరేనని అక్క పక్కనుంచి అంది. ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్‌లే, అంటే జట్టు తరఫున బంతి విసిరేవాళ్లు; రేటింగ్ ఆ విసురుకి కట్టే మార్కు. రాత్రి నిద్ర పట్టక అదే ఆలోచించాను. కిందటేడు మీ ఇంట్లో ఉన్న ఆరు నెలలూ ఆదివారాలు మీతో కూర్చుని చూశాను కాబట్టి నాకూ ఆ ఆట మీద ఇష్టం ఏర్పడింది.

మొన్న సంక్రాంతికి అటక మీద నుంచి మన పాత కుంచం దించాను. మీకు ఫొటో పంపాను కదా, ఇత్తడి పట్టీలున్న చెక్క గిన్నె, అదే. నాలుగు మానికలైతే ఒక కుంచం. మీ రేటింగ్‌లోనూ సరిగ్గా నాలుగు మానికలే ఉన్నాయి. విసిరినవాటిలో ఎన్ని పాస్‌లు మనవాడి చేతిలో పడ్డాయి, విసురుకి సగటున ఎన్ని గజాలొచ్చాయి, ఎన్ని టచ్‌డౌన్‌లు (పాస్ అందుకుని చివరి గీత దాటినవి), ఎన్ని ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్లకి చిక్కిన పాస్‌లు). ఈ నాలుగే. అంతకుముందు ఏళ్ల తరబడి కొలత మారుతూ వచ్చింది. కొన్నేళ్లు మొత్తం గజాలు చూసేవారు, కొన్నేళ్లు శాతం చూసేవారు. ఒహైయోలోని క్యాంటన్‌లో, ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అనే గొప్ప ఆటగాళ్ల మ్యూజియంలో పనిచేసే డాన్ స్మిత్ మరికొందరితో కూర్చుని ఈ కుంచం తయారుచేస్తే, 1973లో ఆ ఆట లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ దాన్ని తీసుకుంది.

కుంచానికి అంచు ఉంటుంది. మా చిన్నప్పుడు కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు, గోపురంలా పోసి, అరచేత్తో అంచుకి సమంగా తుడిచేసేవారు. పైన ఎంత మిగిలినా లెక్కలోకి రాదు. రేటింగ్‌లో ఒక్కో మానిక అంచు 2.375. వందకి డెబ్బై ఏడున్నర పాస్‌లు అందితే ఆ మానిక నిండిపోతుంది. తొంభై అందినా అంతే. నాలుగు మానికల్నీ కూడి, ఆరుతో భాగించి, వందతో హెచ్చిస్తే రేటింగ్. నాలుగూ నిండితే 158.3, దాన్ని దాటడం ఎవరివల్లా కాదు.

ఇంకో వింత చూడండి. ఒకడు ఆటంతా బంతిని నేలకేసి కొడుతూనే ఉన్నాడనుకోండి. ఒక్క పాసూ అందదు, ఒక్క గజమూ రాదు. మూడు మానికలు ఖాళీ. కానీ ఇంటర్‌సెప్షన్ లేదు కాబట్టి నాలుగోది అంచుదాకా నిండిపోతుంది. 2.375ని ఆరుతో భాగించి వందతో హెచ్చిస్తే 39.6. ఏమీ చేయనివాడికి 39.6! గెలవాలని తెగించి విసిరి, నాలుగు పాస్‌లు ఎదుటివాళ్లకి చిక్కినవాడికి ఒక్కోసారి అంతకన్నా తక్కువ వస్తుంది. కాగితం తీసుకుని మీరే వేసి చూడండి.

కళ్లం అంటే గుర్తొచ్చింది. నాకు పదేళ్లప్పుడు నూర్పిళ్ల రోజుల్లో మా నాన్న నాకో పని ఇచ్చారు. కొలిచే ఆయన "లాభం" అనగానే నేను లెక్క మొదలుపెట్టాలి. మన దగ్గర మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు... పది కాగానే నేనొక గడ్డిపరక పక్కన పెట్టాలి. ఒకసారి కళ్లు కునుకుపడి పరక పెట్టడం మరిచాను. నాన్న కోప్పడలేదు. రాశి మొత్తం మళ్లీ కొలిపించారు. రెండోసారి రెండు కుంచాలు తక్కువొచ్చాయి! గింజలూ అవే, మనిషీ ఆయనే. ఈసారి అలసటతో కుంచాన్ని కాస్త కుదిపి పోశాడు, గింజలు సర్దుకుని ఎక్కువ పట్టాయి, అంతే. అబద్ధం ఎవరూ ఆడలేదు. మార్కుల విషయంలోనూ ఇది మనసులో పెట్టుకోండి. పక్కవాడికి రెండు మార్కులు తక్కువొస్తే వాణ్ణి తక్కువగా చూడకూడదు.

కాలం మారినా కుంచం మారలేదు, పంట మారింది. 1973లో మామూలు ఆటగాడికి 66.7 వచ్చేలా దీన్ని కట్టారు. అప్పట్లో విసిరినవాటిలో సగం అందితే చాలు. ఇప్పుడు సగటే తొంభై దగ్గరుంది. పాత తరం క్వార్టర్‌బ్యాక్ జో నమత్‌కి మొత్తం కెరీర్‌కి 65.5. టచ్‌డౌన్ పాస్‌లు 173, ఇంటర్‌సెప్షన్లు 220. ఈ అంకెలు చూసి ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కానీ 1969 జనవరిలో, గెలిచి తీరతామని ముందే చెప్పి న్యూయార్క్ జెట్స్ జట్టుని సూపర్ బౌల్, అంటే ఛాంపియన్‌ని తేల్చే ఆఖరి ఆట, గెలిపించింది ఆయనే. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన ఉన్నాడు.

ఇప్పుడు మీ తగువుకి వద్దాం. కొలత అయ్యాక సాయంత్రం మా నాయనమ్మ చేట పట్టుకుని వచ్చేది. కొలిచినాయన పాదాల చుట్టూ, తుడిచిన చేతి కింద రాలిన గింజలన్నీ మట్టి చెరిగి పోగుచేసేది. దాదాపు అర కుంచం అయ్యేది. ఎవరి లెక్కలోనూ లేని ధాన్యం, కానీ ఆ రాత్రి మా అన్నం అదే. అలెన్ గింజలు కొన్ని అలా రాలినవే. బంతి పట్టుకుని తానే పరిగెత్తి 12 టచ్‌డౌన్‌లు చేశాడు. లమార్ అలా చేసినవి 4. అవేవీ రేటింగ్‌లో పడవు. అలెన్‌ని ప్రత్యర్థులు బంతితో సహా పడగొట్టింది సీజన్ మొత్తంలో 14 సార్లే, లమార్‌ని 23 సార్లు. పాస్ విసిరేలోపే ఇలా పడగొట్టడాన్ని శాక్ అంటారు, శాక్‌లకీ ఆ కుంచంలో చోటు లేదు. అలాగని అక్కదే గెలుపని అనను. లమార్ కూడా పరుగుతో 915 గజాలు తెచ్చాడు, అలెన్ తెచ్చింది 531. లమార్‌కి పాస్‌లతో 41 టచ్‌డౌన్‌లు, 4 ఇంటర్‌సెప్షన్లే అంటే మాటలా! 50 మంది ఓటేస్తే మొదటి స్థానానికి అలెన్‌కి 27, లమార్‌కి 23 పడ్డాయి. ఆట తెలిసిన పెద్దలే అలా చీలిపోయినప్పుడు మీరు మాటలు మానేయడమేంటి, కన్నా?

ఈఎస్‌పీఎన్ అనే స్పోర్ట్స్ ఛానెల్ వాళ్లు 2011లో క్యూబీఆర్ అని ఇంకో కొలత తెచ్చారు. పరుగులు, శాక్‌లు, ఏ పరిస్థితిలో ఆడాడు, అన్నీ లెక్కలోకి తీసుకుని సున్నా నుంచి వంద దాకా ఇస్తుంది. మంచిదే. కానీ దాని లోపలి లెక్క పూర్తిగా బయటపెట్టలేదు. మీ వయసుకి చేత్తో వేసి చూసుకోగల లెక్కే నాకు ముద్దు.

ఈ ఆదివారం, 2025 ఫిబ్రవరి 9న, సూపర్ బౌల్ కదా, ఈగల్స్‌కీ చీఫ్స్‌కీ. ఈ ఉత్తరం ఫొటో తీసి ఇప్పుడే అమ్మకి వాట్సాప్‌లో పంపుతున్నాను. ఇద్దరూ ఒకే నోట్‌బుక్ తీసుకోండి. చిన్నోడు ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ హర్ట్స్‌కి, అక్క చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌కి నాలుగు గళ్లు గీయండి. పక్కన ఇంకో గడి పెద్దగా వదలండి. పరుగు తీసినా, శాక్ తప్పించుకున్నా, చక్కగా వేసిన పాస్ అందుకోవాల్సిన మనవాడి చేతిలోంచి జారినా అందులో ఒక గీత. ఆట అయ్యాక నాకు ఫోన్ చేయండి. నాకు పొద్దున్న అవుతుంది, లేచే ఉంటాను. ముందు ఐదో గడి చదివి వినిపించండి.

మీ తాతయ్య