లంచంలో మూడోవాడు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ ఇష్టమైతే లంచం వల్ల నష్టపోయేదెవరని అడిగారు. మంచి ప్రశ్నే. నష్టపోయేది అక్కడ లేని మూడోవాడు. లైసెన్సు పరీక్షలో బండితో ఎనిమిది వేయకుండానే పాసైనవాడు రేపు మీ స్కూలు ఆటోకే ఎదురురావచ్చు.

దేశం మొత్తం మూడోవాడైన కథ నైజీరియాది. చమురుకు కొదవలేని దేశం. 1993 నుంచి 1998లో చనిపోయేదాకా సానీ అబాచా అనే సైనిక జనరల్ దాన్ని ఏలాడు. దేశ భద్రతకు అర్జెంటుగా డబ్బు కావాలని సలహాదారు కాగితం రాసేవాడు, అబాచా సంతకం పెట్టేవాడు, సెంట్రల్ బ్యాంకు నుంచి నోట్ల కట్టలు బయటికొచ్చేవి. తాళం పగలగొట్టే పనే లేదు! అటు చమురు అమ్మే దేశంలోనే జనం పెట్రోలు కోసం బంకుల ముందు క్యూలు కట్టారు.

ఆ సొమ్ము స్విట్జర్లాండ్, లక్సెంబర్గ్, జెర్సీ దీవి లాంటి చోట్ల బ్యాంకుల్లో తేలింది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కొన్ని స్విస్ బ్యాంకులు సరిగా ఆరా తీయలేదని అక్కడి బ్యాంకింగ్ కమిషనే 2000లో తప్పుపట్టింది. దొంగ సొమ్మును సూటు బూటు వేసుకుని దాచినవాళ్లను ఏమనాలో మీరే చెప్పండి.

దోచిన డబ్బు సొంత దేశానికి తిరిగి చేరాలన్న సూత్రాన్ని 2003లో ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో రాసుకున్నారు. మెక్సికోలోని మెరీడాలో డిసెంబర్ 9న సంతకాలు మొదలయ్యాయి. మన దేశం 2011లో ఆమోదించింది. ఏటా అదే తేదీన అవినీతి వ్యతిరేక దినం జరుపుతారు. వ్యాసరచన పోటీలతో సరిపెట్టేవాళ్లే ఎక్కువనుకోండి.

అబాచా సొమ్ములో కొంత ముందే వెనక్కి వచ్చింది. మరో 32 కోట్ల డాలర్లు ఇవ్వడానికి స్విట్జర్లాండ్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. మళ్లీ ఎవరి జేబులోకీ పోకుండా ప్రపంచ బ్యాంకు పర్యవేక్షణలో పేద కుటుంబాలకు నెలకు 5,000 నైరాల (నైరా అంటే అక్కడి రూపాయి లాంటిది) చొప్పున పంచాలన్నది ఏర్పాటు. అబాచా పోయిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్ల అప్పటికి పెళ్లయి బిడ్డల తల్లి అయ్యుంటుంది.

మన దగ్గర అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇవ్వడం కూడా నేరమే అయింది. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే శిక్ష ఉండదు. తెలంగాణ ఏసీబీ నంబరు 1064. ఈ ఏడు రోజుల సంగతి మీ నాన్నకు తెలుసేమో కనుక్కోండి.

మీ తాతయ్య