హైడ్రోజన్ ఇంధనం: ఆశ పాతది, చిక్కూ పాతదే

1783 ఆగస్టు 27న పారిస్‌లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ షార్ల్ తొలి హైడ్రోజన్ బెలూన్‌ను గాలిలోకి వదిలాడు. దాన్ని నింపడానికి ఇనుప ముక్కల మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, పుట్టిన వాయువును గొట్టాల ద్వారా పట్టారు. అందుకు రోజులు పట్టింది. గోనెస్ అనే ఊరి దగ్గర దిగిన ఆ బెలూన్‌ను చూసి బెదిరిపోయిన గ్రామస్థులు దాన్ని చీల్చి పేలికలు చేశారు. చరిత్ర పుస్తకాలు వాళ్ల భయాన్నే ఎక్కువగా చెబుతాయి కానీ, అసలు గమనించాల్సింది నింపడానికి పడిన ఆ అవస్థ. భూమి మీద హైడ్రోజన్ విడిగా దొరకడం చాలా అరుదు. నీటిలోనో, సహజవాయువులోనో కలిసి ఉన్నదాన్ని శక్తి ఖర్చుపెట్టి విడదీయాలి. అంటే అది బొగ్గు, చమురు లాంటి వనరు కాదు. వేరేచోట పుట్టిన శక్తిని మోసుకెళ్లే వాహకం.

1800లో నికల్సన్, కార్లైల్ విద్యుత్తుతో నీటిని విడగొట్టారు. 1839 నాటికి విలియం గ్రోవ్ ఆ చర్యను తిరగేసి, హైడ్రోజన్, ఆక్సిజన్ కలయిక నుంచి విద్యుత్తు రాబట్టాడు. అదే ఫ్యూయల్ సెల్. పొగ లేదు, మిగిలేది నీరే. అయినా అది ప్రయోగశాల దాటడానికి వందేళ్లకు పైగా పట్టింది. అపోలో నౌకల్లో విద్యుత్తుతో పాటు వ్యోమగాములకు తాగునీరూ దాని నుంచే అందింది. రోదసిలో ఖర్చు కన్నా బరువు ముఖ్యం. కిలో పెట్రోలులో దాదాపు 44 మెగాజౌళ్ల శక్తి ఉంటే, కిలో హైడ్రోజన్‌లో 120 ఉంటుంది.

1937లో హైడ్రోజన్ నింపిన హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్ మండిపోయి 36 మంది చనిపోవడంతో ఈ వాయువుకు చెడ్డపేరు స్థిరపడింది. ప్రమాదం నిజమే: గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఏ పాళ్లలో కలిసినా అంటుకుంటుంది, పగటి వెలుతురులో మంట కంటికి ఆనదు. కానీ పరిశ్రమలు దాన్ని దశాబ్దాలుగా జాగ్రత్తగానే వాడుతున్నాయి. నత్రజని ఎరువులకు మూలమైన అమ్మోనియాను గాలిలోని నత్రజనికి హైడ్రోజన్ కలిపి తయారుచేస్తారు. 1913లో జర్మనీలోని ఒప్పావులో అలాంటి కర్మాగారం మొదలైనప్పటి నుంచి ఆ ఎరువులకు ఆధారం హైడ్రోజనే.

నన్ను కలవరపెట్టేది పేలుడు కాదు, ఈ ఎరువుల చరిత్ర మిగిల్చిన అలవాటు. 2023లో ప్రపంచం వాడిన హైడ్రోజన్ సుమారు 9.7 కోట్ల టన్నులు. దాదాపు అంతా సహజవాయువు, బొగ్గు నుంచి తీసిందే. శుభ్రమైన పద్ధతుల్లో తయారైంది ఒక్క శాతం కూడా లేదు. సహజవాయువు నుంచి కిలో హైడ్రోజన్ తీస్తే 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. వాహనం గొట్టంలో కనబడని పొగ కర్మాగారం దగ్గరే వెలువడిందన్నమాట.

1970ల చమురు సంక్షోభంతో, మళ్లీ 2000 తర్వాత, ఆశలన్నీ కార్ల మీదికి మళ్లాయి. 2014లో టయోటా వారి హైడ్రోజన్ కారు మిరాయ్ వచ్చింది. ఇంత తేలికైన వాయువుకు చోటు మాత్రం చాలా కావాలి. అయిదారు కిలోలు పట్టించాలంటే వాతావరణ పీడనానికి 700 రెట్ల ఒత్తిడిలో కుదించాలి. ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి. కొన్ని రకాల ఉక్కును పెళుసుగా మార్చేస్తుంది కూడా. అన్నిటికన్నా పెద్ద నష్టం దారిలో జరుగుతుంది. 100 యూనిట్ల విద్యుత్తుతో నీటిని విడగొట్టి, కుదించి, తరలించి, ఫ్యూయల్ సెల్‌లో తిరిగి విద్యుత్తుగా మార్చితే చక్రాలకు చేరేది 30 యూనిట్ల చుట్టుపక్కలే. అదే విద్యుత్తును బ్యాటరీలో నింపితే 70కి పైగా చేరుతుంది. మామూలు కార్లకు ఇది తగిన ఇంధనం కాదని చెప్పడానికి నాకు ఈ ఒక్క లెక్క చాలు.

ఉక్కు సంగతి వేరు. ఇనుము తీసే కొలిమిలో (బ్లాస్ట్ ఫర్నేస్) బొగ్గు వేడి కోసమే కాదు, ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగేయడానికీ కావాలి. ఆ పని బ్యాటరీ చేయలేదు, హైడ్రోజన్ చేయగలదు. అప్పుడు వెలువడేది నీటి ఆవిరి. స్వీడన్‌లో 2021లో ఈ పద్ధతిలో ఉక్కు తయారుచేసి చూపించారు. ఎరువులకైతే ఎలాగూ ప్రత్యామ్నాయం లేదు.

నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. నేటి వాడకాన్ని మాత్రమే అలా తయారుచేయాలన్నా ఏటా దాదాపు 5 లక్షల కోట్ల యూనిట్లు పడుతుంది. అమెరికా ఏడాదంతా ఉత్పత్తి చేసే విద్యుత్తు కన్నా అది ఎక్కువ. అందుకే గాలి, ఎండల నుంచి వచ్చే ప్రతి అదనపు యూనిట్ మొదట ఎరువుల, ఉక్కు కర్మాగారాలకు చేరాలి. కార్ల వంతు ఆ తర్వాతే.